చివరి దాకా చూడండి

(కర్నూలులో మన యువతీ యువకుల సమావేశంలో మాట్లాడిన మాటలు. కడప నుంచి వచ్చిన చెల్లెళ్ళు అడిగినారని రాసి పెడుతున్నా.)



పొద్దున్నుంచి కుల సర్టిఫికెట్ల గురించి, హాస్టళ్ళ గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. నేను వెబ్ సిరీస్ గురించి మాట్లాడతానంటే మా అన్న నవ్వినాడు. "ఇంత దూరం బస్సెక్కి వచ్చింది సిరీస్ కబుర్లు చెప్పేదానికా?" అన్నాడు. చెప్తా అన్నా, వినండి.

2025 నవంబర్ 13న నెట్‌ఫ్లిక్స్‌లో 'ఢిల్లీ క్రైమ్' మూడో సీజన్ వచ్చింది. ఆడపిల్లల్ని మాయ చేసి అమ్మే ముఠా కథ. మనలో చాలామంది ఫోన్లలో చూసినారు. షెఫాలీ షా బాగా చేసిందన్నారు, హుమా ఖురేషీ విలన్‌గా భయపెట్టిందన్నారు. కొందరు మొదటి సీజనే గొప్పది అన్నారు. ఒక తమ్ముడు మాత్రం "నాకు రెండో సీజనే నచ్చింది అక్కా, ఆ చెడ్డీ గ్యాంగ్‌ది" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయినా. ఎందుకంటే రెండో సీజన్ చెడ్డీ గ్యాంగ్ కథ కాదు. ఆ పేరు పెట్టి ఎవరిని పట్టుకున్నారు, అసలు చేసింది ఎవరు అనేదే ఆ కథ. చూసినోడికి గ్యాంగ్ పేరు గుర్తుంది, మిగతాది గుర్తు లేదు.

చూడనోళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. ఆ సీజన్ 2022 ఆగస్టు 26న వచ్చింది. ఢిల్లీలో డబ్బున్న ముసలోళ్ళను ఇళ్ళల్లోనే చంపేస్తారు. చంపిన తీరు పాతకాలం 'కచ్ఛా బనియాన్' గ్యాంగ్ తీరులో ఉందని పోలీసులు అనుకుంటారు. "ఈ జాతులోళ్ళ రక్తంలోనే నేరం ఉంది" అనే నమ్మకం ఉన్న ఒక ముసలి పోలీసాయనను పిలిపిస్తారు. ఆయన విముక్త జాతుల బస్తీ మీద పడి మనుషుల్ని ఎత్తుకొస్తాడు. చివరికి తేలేది ఏంది? హత్యలు చేసింది ఆ జాతోళ్ళు కాదు. లత అనే ఆమె, ఆమె మనుషులు. పాత గ్యాంగ్ తీరును కాపీ కొట్టినారు, అంతే. అనుమానం ఎట్లాగూ ఆ బస్తీ మీదికి పోతుందని వాళ్ళకు తెలుసు.

ఆ సీజన్ వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. హాస్టల్ గదిలో నలుగురం, ఒకే ఫోన్. మొదటి రెండు ఎపిసోడ్‌లు చూసినాక ఒక అమ్మాయి నా దిక్కు తిరిగి, "ఏమే, వీళ్ళు మీవోళ్ళలాంటోళ్ళేనా?" అని అడిగింది. ఎగతాళిగానే అడిగింది. నేనూ నవ్వినా. ఏం చెప్పాలో తెలియనప్పుడు మనం నవ్వుతాం కదా, అట్ల.

వారం తిరక్కముందే ఆ అమ్మాయి పరీక్ష ఫీజు కోసం తెచ్చుకున్న రెండు వేలు కనపడలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ నేను స్నానానికి పోయి వచ్చేసరికి నా ట్రంకు పెట్టె తాళం పగలగొట్టి ఉంది, బట్టలన్నీ మంచం మీద ఉన్నాయి. మిగతా రెండు పెట్టెలు ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం ఆ డబ్బులు ఆమె రికార్డు పుస్తకంలోనే దొరికినాయి. రాత్రి దీపం ఆర్పినాక నా పక్కకు వచ్చి పడుకుని ఏడ్చింది. "నేను చివరి దాకా చూడలేదే" అంది. సిరీస్ గురించే అంది. అయినా ఆ మాట నాకు ఇప్పటికీ పెద్ద మాటే.

ఆ అమ్మాయి చెడ్డది కాదు. రెండు ఎపిసోడ్‌లు చూసి ఆగిపోయింది. ఈ దేశం కూడా మన విషయంలో రెండో ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయింది. మొదటి ఎపిసోడ్ 1871లో వచ్చింది, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చినారు. మన ఎరుకలోళ్ళు అంతకుముందు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి సీమ దాకా తిరిగి అమ్మినోళ్ళు. రైళ్ళు వచ్చినాయి, ఉప్పు మీద సర్కారు పట్టు వచ్చింది, ఆ బేరం పోయింది. బతుకుదెరువు పోయినోణ్ణి, ఊరూరు తిరిగేటోణ్ణి పుట్టుకతోనే దొంగ అన్నారు. స్టువర్టుపురం సెటిల్‌మెంట్ అందరికీ తెలుసు. మన పాత ఉమ్మడి జిల్లాలోనే, ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో కూడా సెటిల్‌మెంట్ ఉండేదని ఈ గదిలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూసినారా, ముగ్గురు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. అందుకే మనం ఆ రోజును విముక్త దినం అంటాం. రెండో సీజన్ ఆ రోజుకు సరిగ్గా ఐదు రోజుల ముందు విడుదలైంది. ఆ తేదీ గురించి మాట్లాడినోళ్ళు నాకు కనపడలేదు. చట్టం పోయినా 'అలవాటు పడిన నేరస్తులు' అనే పేరుతో వేరే చట్టాలు వచ్చినాయి. స్టేషన్‌లో రిజిస్టర్ మారింది, చూపు మారలేదు.

"సినిమానే కదా, ఎందుకంత బాధ" అంటారు. 2018 మే నెల గుర్తు చేసుకోండి. వాట్సాప్‌లో 'పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతారు' అని పుకారు. ఆంధ్రాలో, తెలంగాణలో ఊళ్ళకు ఊళ్ళు రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాసినాయి. తెలంగాణలో ఏ పాపం తెలియని మనుషులు ఆ దెబ్బలకు చచ్చిపోయినారు. పార్ధీ అంటే గ్యాంగ్ కాదు. మహారాష్ట్ర దిక్కు ఉండే, మనలాంటి ఒక జాతి పేరు. ఒక జాతి పేరు పక్కన గ్యాంగ్ అనే మాట చేరితే ఏమైతుందో ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

ఇది సీమలో ఎవరికైనా అర్థం కావాల్సిన విషయం. 'సమరసింహారెడ్డి' 1999లో వచ్చింది, 'ఇంద్ర' 2002లో వచ్చింది. అప్పటినుంచి కర్నూలు, కడప అంటే బాంబులు, సుమోలు, కొడవళ్ళు. మనవోళ్ళు హైదరాబాదులో రూము అడిగితే "సీమోళ్ళా?" అని ఓనరు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ మాటకు కడప పిల్లోడికి ఎంత కోపం వస్తుంది! మంచిదే, రావాలి. మరి అదే పిల్లోడు ఊళ్ళో ఏదన్నా పోతే మొదట ఎరుకల గుడిసె దిక్కు ఎందుకు చూస్తాడు? సీమ మీద వేసిన ముద్ర తప్పని వానికి తెలుసు. మన మీద వేసిన ముద్ర మాత్రం నిజమే అనుకుంటాడు. అట్లాంటి స్నేహితులతో కూర్చుని కొట్లాట లేకుండా ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు.

ఇంక మన సంగతి. ఇట్లాంటివి వచ్చినప్పుడు మన గ్రూపుల్లో మొదట వచ్చే మాట 'నిషేధించాలి' అని. 'టైగర్ నాగేశ్వరరావు' టీజర్ వచ్చినప్పుడు ఎరుకల జాతిని, స్టువర్టుపురాన్ని కించపరుస్తున్నారని మనవోళ్ళు హైకోర్టుకు పోయినారు. 2023 ఆగస్టులో కోర్టు ఆ టీజర్ మీద అసంతృప్తి చెప్పింది, నిర్మాతకు నోటీసు ఇచ్చింది. పోయినోళ్ళకు దండం. ఊరి పేరు మీద మచ్చ వేస్తే అడగాల్సిందే. కానీ 'ఢిల్లీ క్రైమ్' రెండో సీజన్‌ను అదే గాటన కట్టొద్దు. అది మన మీద అనుమానాన్నే తప్పు పట్టింది. దాంట్లో లోటు వేరే. వర్తిక మేడం ముఖం గుర్తుంది, లత ముఖం గుర్తుంది. తప్పుడు అనుమానంతో పట్టుకొచ్చిన ఆ ఇద్దరు మగోళ్ళ పేర్లు చెప్పమంటే నాకే రాలేదు, మళ్ళీ పెట్టి చూసుకున్నా. మన జాతోళ్ళు దాంట్లో అనుమానితులుగా వస్తారు, నిర్దోషులుగా పోతారు. ఈ రెండింటి మధ్య మనుషులుగా ఉండేదానికి కథలో చోటు తక్కువ. దెబ్బలు తిని ఇంటికొచ్చినోని పిల్లలు మరుసటి రోజు బడికి ఎట్ల పోయినారు? ఆ ఎపిసోడ్ తీయాల్సింది మనమే.

అందుకని మూడు పనులు అడుగుతున్నా.

ఒకటి, చూడండి. చివరి దాకా చూడండి, పక్కనోళ్ళతో చూపించండి. "గ్యాంగ్ సూపర్" అన్నోణ్ణి "హంతకులు ఎవరో చెప్పు" అని అడగండి.

రెండు, చట్టం తెలుసుకోండి. 2024 అక్టోబర్ 3న, జైళ్ళలో కుల వివక్ష మీద సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విముక్త జాతులోళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూసుకోవాలని పోలీసులకు కూడా దాంట్లో చెప్పింది. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేదంటే 15100కు ఫోన్ చేయండి. ఈ నంబరు ఇప్పుడే ఫోన్లో ఎక్కించుకోండి, నేను ఆగుతా.

మూడు, మన పెద్దోళ్ళ మాటలు రికార్డు చేయండి. సిద్ధాపురం గురించి విన్నోళ్ళు, దబ్బలు చీల్చి బుట్టలు అల్లినోళ్ళు, సోది చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగినోళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళు పోయినాక పోలీసు రిజిస్టర్ ఒక్కటే మన చరిత్రగా మిగలకూడదు.

నా పెట్టె తాళం పగలగొట్టిన అమ్మాయి ఇప్పుడు టీచరు. పోయిన వారం ఫోన్ చేసింది. క్లాసులో ఒక పిల్ల పెన్ను పోతే అందరూ ఒక చెంచు పిల్లోని సంచీ దిక్కు చూసినారంట. "నేను ముందు నా టేబుల్ సొరుగు వెతికినా. తర్వాత అందరి సంచులూ వెతికించినా, వరసగా" అంది. పెన్ను దొరికిందా అని నేను అడగలేదు.

జై ఏకలవ్య. జై భీమ్.