మా ఇంటి సబ్‌వూఫర్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నాగర్‌కర్నూల్, గద్వాల ఆఫీసుల్లో గుమస్తాగా చేసి వనపర్తిలో స్థిరపడ్డవాణ్ణి. మా అబ్బాయి నా పాత స్టీరియోకు సబ్‌వూఫర్ తగిలించాడు. సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువనుండే మంద్రధ్వనులే దాని పని. మాటల స్పష్టత దానివల్ల రాదు. 1960ల పాటల రికార్డుల్లో ఆ ధ్వని ఎలాగూ తక్కువే. అప్పుడు నాకివేమీ తెలియవు. ఘంటసాల పాటలో మాట అందక గుండీ తిప్పుతూనే పోయాను. మంద్రధ్వని గోడలు దాటుతుంది కదా, రెండు రాత్రులు నిద్ర లేదని పక్కింటి పెద్దమ్మ కబురు పంపింది. సిగ్గేసింది.

పెట్టె మూలన ఉంటే మోత ఎక్కువ. ఇవతలికి జరిపి, గుండీ సగానికి దించాను. మోత తగ్గింది, మాట మాత్రం అందలేదు.

"పెట్టెను అనుడెందుకు, చెవులు చూపించుకోరాదు?" అన్నది మా ఇంటామె. కోపమొచ్చింది. ఆరు నెలలు మొండికేసి, చివరకు వెళ్లాను. వయసుతో ముందు తగ్గేది సన్నని ధ్వనులు వినే శక్తేనట. స, శ వంటి అక్షరాలు అక్కడే పోతాయి.

ఇప్పుడు చెవికి మిషన్ పెట్టుకున్నాను. సబ్‌వూఫర్ కూడా ఉంది, సన్నగా మోగుతుంది. వంటింట్లోంచి ఆమె పిలిస్తే మొదటి పిలుపుకే పలుకుతున్నాను.