మడ్డిలో నీళ్లు



పట్నంలో ఇంటింటి మురుగునీరు ఎక్కడికి పోతుంది? హైదరాబాదులో కొంత మురుగు అంబర్‌పేటకు పోతుంది. అక్కడ మూసీ ఒడ్డున మురుగును శుద్ధి చేసే ప్లాంటు ఉంది. పాత ప్లాంటు ఒక్కటే రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధి చేసేలా కట్టారు. శుద్ధి అయిన నీరు మూసీలో కలుస్తుంది. అడుగున మడ్డి మిగులుతుంది. అసలు తిప్పలన్నీ ఈ మడ్డితోనే.

చూస్తే చిక్కగా ఉంటుంది. కాని అందులో ఉన్నదంతా నీళ్లే. లెక్క చూడండి. 100 బిందెల మడ్డి ఉందనుకోండి. అందులో సుమారు 98 బిందెలు నీళ్లు. గట్టి పదార్థం 2 బిందెలే. నీళ్లు తీసి, అయిదో వంతు గట్టిది ఉండేట్టు చేస్తే మొత్తం మడ్డి 10 బిందెలే అవుతుంది. పది లారీల మోత ఒక్క లారీకి దిగుతుంది.

గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే పెరుగులో నీళ్లు కారిపోతాయి. మడ్డి అలా వదలదు. అందులో కంటికి కనబడని క్రిములు గుంపులుగా ఉంటాయి. వాటి చుట్టూ బెండకాయ జిగురులాంటి జిగురు ఉంటుంది. అది నీళ్లను పట్టి ఉంచుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే బిందెలో మట్టి అడుగుకు దిగుతుంది గదా! అలాగే మడ్డిలో ఒక మందు కలుపుతారు. సన్న రేణువులు ముద్దకడతాయి. అప్పుడు యంత్రంలో గిర్రున తిప్పి నీళ్లు వేరు చేస్తారు.

దీనికి ధ్వనిని కూడా వాడి చూశారు. సెకనుకు 20 వేల సార్లకు మించి కంపించే ధ్వని మనిషి చెవికి అందదు. గర్భిణికి చేసే స్కానింగులో ఉన్నదీ అలాంటి ధ్వనే. (భయం వద్దు. స్కానింగు ధ్వని సున్నితమైనది.) మడ్డిలోకి పంపేది చాలా బలమైనది. దానివల్ల నీళ్లలో చిన్న చిన్న బుడగలు పుట్టి పగులుతాయి. ఆ దెబ్బకు జిగురు పట్టు సడలుతుంది. లోపలి నీరు బయటికి వస్తుంది.

కాని ఒక మెలిక ఉంది. కొద్దిసేపు, తగుమాత్రంగా పెడితేనే ఈ మేలు. మితిమీరితే ముద్దలు నుగ్గునుగ్గవుతాయి. ఉడికిన పప్పు నుంచి కట్టు వంచుకోవచ్చు. పప్పుగుత్తితో మెత్తగా ఎనిపాక వంచితే కట్టు వస్తుందా? ఇదీ అంతే. పైగా కరెంటు ఖర్చు. అందుకే ఈ ధ్వనిని వేరే పనికి ఎక్కువగా వాడతారు. మడ్డిని బాగా చితగ్గొట్టి, గోబర్ గ్యాసులాంటి గ్యాసు ఎక్కువ రాబట్టడానికి.

మడ్డి పట్నానికే పరిమితం కాదు. పల్లెలో మరుగుదొడ్డి ట్యాంకు నిండినా వచ్చేది ఇదే. ట్యాంకరు వచ్చి తోడుకుపోతుంది. కొందరు ఎరువని చెప్పి పచ్చి మడ్డినే చేలో పోయించుకుంటారు. అది ఎండినట్టు కనిపించినా ఏలికపాము గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. ఆకుకూరకు అంటుతాయి. కలుపు తీసే ఆడవాళ్ల చేతులకు, గోళ్లకు అంటుతాయి. అక్కడినుంచి అన్నం ముద్దలోకి, పిల్లల కడుపులోకి చేరతాయి.

ట్యాంకరు వచ్చిన రోజున డబ్బులు చేతిలో పెట్టేముందే అడగండి: "తమ్ముడూ, ఇది ఎక్కడ పోస్తావు?"