పాలకొల్లు మాండలిన్: బృందంలోనూ, బృందం దాటీ

(ద్రాక్షారామంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోను చేసి, "మాస్టారూ, ప్రతిసారీ డి.ఏ. బకాయిలూ లైఫ్ సర్టిఫికెట్లూ మాట్లాడుకుంటున్నాం. ఈసారి ప్రత్యేక సంచికలో వేసుకోదగ్గ విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే మా మనవడు "తాతయ్యా, రాక్ బ్యాండులో గిటారు వాయించేవాళ్ల గురించి చెప్పు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బ్యాండు అంటే మనకు తెలిసింది పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్సు లైట్ల వెనకాల నడిచే బ్యాండు మేళమే కదా! కానీ ఆలోచించగా ఆలోచించగా, వాడు అడిగినదానికి జవాబు మన గోదావరి గట్టునే దొరికింది.

ఇక్కణ్ణించి కోటిపల్లి రేవు దాటి, ముక్తేశ్వరం, అమలాపురం మీదుగా వెళ్లి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. మన భీమేశ్వరస్వామి, అక్కడి క్షీరారామలింగేశ్వరుడు ఇద్దరూ పంచారామాల వారే. ఆ పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. లోకం అతణ్ణి మాండలిన్ శ్రీనివాస్ అంది. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. పిల్లవాడికి ఐదారేళ్లప్పుడు ఇంట్లో ఉన్న తండ్రి గారి మాండలిన్ చేతికి దొరికింది. వాడి చేతివాటం చూసి తండ్రే కొత్త వాయిద్యం కొనిచ్చి నేర్పడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత వాసూరావు గారనే గిటారు విద్వాంసుడు ఆ పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. కర్ణాటక సంగీతం నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడొక విశేషం గమనించండి. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. అంటే అతని వేలికి గురువు గారి గొంతే పాఠ్యపుస్తకం. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి వయసు తొమ్మిదేళ్లు.

ఇంతకీ మాండలిన్‌తో వచ్చిన ఇబ్బంది ఏమిటి? అది ఇటలీ నుంచి వచ్చిన వాయిద్యం. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని మోగి వెంటనే చల్లారిపోతుంది. సినిమా పాటల్లో చెంచాడు తీపి వేయడానికి పనికొచ్చేది. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఊగాలి, జారాలి, నిలబడాలి. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. అందుకే మద్రాసులో కొందరు పెద్దలు "ఇది మన సంగీతానికి కొరగాదు" అని పెదవి విరిచారు.

శ్రీనివాస్ వాదన పెట్టుకోలేదు. వాయిద్యాన్నే మార్చుకున్నాడు. జంట తీగలు తీసేసి, విడివిడిగా ఐదు తీగలు పెట్టుకున్నాడు. డొల్ల బుర్ర ఉన్న మాండలిన్ బదులు గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఎలక్ట్రిక్ గిటారులో లాగే, తీగ కింద అయస్కాంతం ఉన్న చిన్న పరికరం తీగ కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది, ఆంప్లిఫయరు దాన్ని పెంచుతుంది. దాంతో స్వరం ఎక్కువసేపు నిలబడింది. నిలబడిన స్వరాన్ని వేలితో లాగితే గమకం పలికింది.

ఇక్కడే మా మనవడి రాక్ గిటారు వస్తుంది. ఆ వాయిద్యం ఏడ్చినట్టు, అరిచినట్టు వినిపిస్తుందే, దాని రహస్యం కూడా ఇదే. తీగను మెట్టు మీద పక్కకు లాగి స్వరాన్ని పైకెత్తడం. మన వైణికులు తరతరాలుగా చేస్తున్న పని అదే. వీణకు మైనంలో నాటిన 24 మెట్లుంటాయి. ఆ మెట్ల మీద తీగను లాగడంలోనే విద్వత్తంతా తెలుస్తుంది.

వీణ మాట వచ్చింది కనుక మన ఊరి వారిని తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. ఈమని శంకరశాస్త్రి గారు 1922లో ఈ ద్రాక్షారామంలోనే జన్మించారు. జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేసి, తర్వాత ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో జాతీయ వాద్యబృందానికి నిర్వాహకులయ్యారు. అంటే మనలాగే ఉద్యోగం చేసినవారే! పదిమంది వాయిద్యాలను ఒక తాటి మీద నడిపిస్తూనే, ఒంటరిగా కూర్చుంటే తన వీణ తనదిగానే వినిపించారు. చిట్టిబాబు గారు ఆయన శిష్యులే. బృందంలో ఉండటం వేరు, బృందంలో కరిగిపోవడం వేరు అని ఆయన జీవితం చెబుతుంది. ఈవేళ నేను చెప్పదలచుకున్న మాట కూడా అదే.

ఇప్పుడు రెండో మనిషిని పరిచయం చేస్తాను. జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండులో పుట్టిన గిటారు విద్వాంసుడు. మన సంఘంలో పెద్దవాళ్లలో చాలామంది ఈడువాడే. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందం పెట్టి, రాక్ హోరును జాజ్ నేర్పుతో కలిపి ప్రపంచాన్ని ఊపేశాడు. అంత పేరున్నవాడు అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో శిష్యుడిగా కూర్చుని వీణ నేర్చుకున్నాడు. హోరు పక్కన పెట్టి, 1970లలోనే జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయకరాం ఘటంతో "శక్తి" అనే బృందం కట్టాడు. తన గిటారు మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. ఎందుకు? తీగను లోతుగా నొక్కి, లాగి గమకం పలికించడానికి.

చూశారా చిత్రం! అక్కడ ఒక గిటారు వాద్యకారుడు చెక్కను తొలుచుకుంటూ వీణ వైపు నడిచాడు. ఇక్కడ పాలకొల్లు కుర్రవాడు తీగలు తగ్గించుకుంటూ మాండలిన్‌ను వీణ వైపు నడిపించాడు. ఇద్దరూ దారిలో కలుసుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

1983లో, పద్నాలుగేళ్ల వయసులో, శ్రీనివాస్ పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి విదేశీ శ్రోతల మన్నన పొందాడు. 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారు విద్వాంసుడితో కలిసి "డ్రీమ్" అనే ఆల్బమ్ చేశాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆ దరిమిలా మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ మళ్లీ కట్టిన "రిమెంబర్ శక్తి" బృందంలో చేరాడు. కంజీర మీద వినాయకరాం గారి అబ్బాయి సెల్వగణేశ్, గాత్రం శంకర్ మహదేవన్. ఏళ్ల తరబడి దేశదేశాలూ తిరిగారు. ఆ కచేరీల రికార్డింగులు మనవడు నాకు చూపించాడు. గిటారు ఒక ఆవర్తనం వాయిస్తే మాండలిన్ ఒక ఆవర్తనం బదులిస్తుంది. తర్వాత సగం, తర్వాత పావు, చివరికి రెండు మూడు స్వరాలే చేతులు మారుతుంటాయి. ఎదుటివాడు వాయిస్తుండగా శ్రీనివాస్ తల కొంచెం వంచి, చిన్నగా నవ్వుతూ వింటుంటాడు. తన వంతు వచ్చేదాకా తొందరపడడు. ఆఫీసులో మనం ఆ ఓర్పు ఎంతమందిమి చూపించామో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

ఇంత తిరిగినవాడు బృందం విడిది చేసినప్పుడు ఏం చేశాడు? మద్రాసు వచ్చి, బాసింపట్టు వేసుకుని, వయొలిన్, మృదంగం పక్కన పెట్టుకుని త్యాగరాజ కృతులు వాయించాడు. తమ్ముడు రాజేష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని జంట కచేరీలు చేశాడు. శిష్యులకు పాఠాలు చెప్పాడు. గురువు గొంతులోంచి నేర్చిన సంగీతం అతనికి ఇల్లు, బృందం ఊరు. ఊరంతా తిరిగి సాయంత్రానికి ఇంటికి చేరేవాడు.

2014 సెప్టెంబర్ 19న, కాలేయ మార్పిడి శస్త్రచికిత్స తర్వాత, చెన్నైలో కన్నుమూశాడు. వయసు 45. మనం ఉద్యోగంలో సగం ప్రమోషన్లు కూడా అందుకోని వయసు. తర్వాత కొన్నేళ్లకు "శక్తి" మళ్లీ పుంజుకుని, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్‌తో "దిస్ మొమెంట్" అనే ఆల్బమ్ చేసింది. 2024లో దానికి గ్రామీ అవార్డు వచ్చింది. ఆ బృందంలో మరో మాండలిన్ వచ్చి కూర్చోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో జాకిర్ హుస్సేన్ గారూ వెళ్లిపోయారు.

మిత్రులారా, ఇక నా సొంత మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మా పెద్దబ్బాయి కూడా 1969లోనే పుట్టాడు. 1985లో ఇంటర్ చదువుతూ గిటారు కావాలన్నాడు. "అది కూడు పెడుతుందా?" అన్నాను. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకుంటే, ఆ సాయంత్రమే సైకిలు మీద వెనక్కి ఇచ్చి రమ్మన్నాను. అదే వారంలో రేడియోలో శ్రీనివాస్ కచేరీ వస్తే, ఇరుగుపొరుగు వారిని పిలిచి మరీ వినిపించాను. "మన గోదావరి కుర్రాడండీ!" అని పొంగిపోయాను. అప్పుడు మా వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట అనలేదు.

వాడు ఇంజనీరయ్యాడు, బాగానే స్థిరపడ్డాడు. నేను తప్పు చేశానని వాడు ఏనాడూ అనలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కొడుకు గిటారు తీసుకుని ఒళ్లో పెట్టుకుని మీటాడు. కాసేపటికి పక్కన పెట్టి, "వేళ్లు తిరగటం లేదు నాన్నా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను లేచి పెరట్లోకి వెళ్లాను.

గిటారు కొనిస్తే వాడు శ్రీనివాస్ అయ్యేవాడని నేను అనడం లేదు. అలాంటివారు నూరేళ్లకొకరు. కానీ ముప్ఫై నాలుగేళ్లు సర్వీసు చేసి బయటికొచ్చాక నాకు తెలిసింది ఒకటే. ఆఫీసు కూడా ఒక బృందమే. వీడ్కోలు సభలో దండ వేసి, శాలువా కప్పి పంపేశాక, మన చేతుల్లో మిగిలేది మనం ప్రేమించి సాధన చేసినదే. నాకు అలాంటిది పెద్దగా మిగల్లేదు. మా వాడికి మిగలకుండా నేనే చేశాను.

అందుచేత, ఇంట్లో మనవడో మనవరాలో గిటారు గాని, వీణ గాని, మరేదైనా గాని చేతపట్టుకుంటే, "దీనివల్ల ఏమొస్తుంది?" అని అడక్కండి. "ఇవాళ ఎంతసేపు సాధన చేశావు?" అని అడగండి. కుదిరితే పక్కన కూర్చుని వినండి. వినడానికి మనకిప్పుడు తీరిక ఉంది, ప్రభుత్వం పెన్షన్ కూడా ఇస్తోంది!

మా మనవడి గిటారుకు కొత్త తీగల సెట్టు ఈ నెల పెన్షన్‌లోనే కొనిచ్చాను.