పీజీకి పోయే పిల్లల్ని వాడ ఎట్ల సాగనంపాలె

(అంబేద్కర్ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడకట్టులో, చుట్టుపక్కల ఊళ్ళల్లో డిగ్రీ అయిపోయిన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నరు. ఎం.ఏ. చేస్తం, ఎమ్మెస్సీ చేస్తం అంటున్నరు. "ఇంకెంత సదువుతరు, ఏదన్న పనికి పోరాదు" అని ఇండ్లల్ల అంటున్నరు. అట్లనే తల్లిదండ్రుల్ని మేం తప్పుపట్టం. కూలికి పోయే రెండు చేతులు రెండేండ్లు తక్కువైతే ఇల్లు ఎట్ల గడుస్తదో వాళ్ళకే తెలుసు. కాని దొరల ఇండ్లల్ల ఈ ప్రశ్న ఎన్నడూ పుట్టలేదు. వాళ్ళకు యూనివర్సిటీ అంటే పక్కూరికి పోయివచ్చినట్టే. ఏ ఫారం ఎప్పుడు వస్తది, ఏ డిపార్ట్‌మెంటుల ఎవరున్నరు అనేది అన్నం తినేకాడనే తెలిసిపోతది. మన ఇండ్లల్ల ఆ మాట చెప్పే మనిషి లేడు. ఆ మనిషి పని సంఘం చెయ్యాలె. అందుకే ఇయ్యాల సిద్ధాంతం పక్కన పెట్టి కాయిదాల సంగతి, పైసల సంగతి మాట్లాడుతం.

బాబాసాహెబ్ పటం ప్రతి వాడల ఉన్నది. పటంల కోటు చూస్తం గని, ఆ కోటు వెనుక లెక్కలు చూడం. 1913లో ఆయన న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్ల గడువు. అందుకు బదులు బరోడా సంస్థానంల పదేండ్లు నౌకరి చేస్తనని ఒప్పందం రాసిచ్చిండు. 1915లో ఎం.ఏ. పూర్తి చేసిండు. లండన్‌ల చదువుతుండంగ 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరితే చదువు సగంల విడిచి వాపసు రావలసి వచ్చింది. బొంబాయిల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం తీసుకొని, నావల్ భథేనా అనే స్నేహితుని దగ్గర అప్పు చేసి 1920లో మళ్ళ పోయిండు. అంతటి మనిషికే పైసలు ఆగితే చదువు ఆగింది. మన పిల్లలకు ఆగదా?

ఆ దెబ్బ తిన్న మనిషే వైస్రాయ్ కౌన్సిల్‌ల సభ్యుడై 1942లో వినతిపత్రం పెట్టి అడిగిండు. 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. కనుక ఇయ్యాల ఈపాస్‌ల దరఖాస్తు పెట్టేటప్పుడు ఎవని ముందట తల వంచేది లేదు. అది మన హక్కు.

ఇగ కాయిదాలు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్, టీసీ, చదివిన బళ్ళ బోనఫైడ్‌లు, కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్, ఆధార్. కాకతీయల డిగ్రీ చేసి ఇంకో యూనివర్సిటీకి పోతే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడ కావాలె. ఆధార్‌ల ఒక పేరు, మెమోల ఇంకో పేరు ఉంటే స్కాలర్‌షిప్ అక్కడనే ఆగుతది. మన పేర్లు బడిల రాసినోడు ఒకతీరు రాసిండు, ఆఫీసుల రాసినోడు ఒకతీరు రాసిండు. అది సవరించుకునుడు సీటు వచ్చినంక కాదు, ఇప్పుడే కావాలె. ఆదాయ సర్టిఫికెట్ కోసం అడ్మిషన్ల వారంల మీసేవకు ఉరికితే చేతికి రాదు.

కుల సర్టిఫికెట్ గురించి ఒక మాట. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల వర్గీకరణ చట్టం అమలుకు వచ్చింది. 15 శాతాన్ని మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగ పంచిన్రు. దాని మీద ఈ సభలనే రెండు తీర్ల ఆలోచనలున్నయి, ఆ కొట్లాట ఇంకోనాడు పెట్టుకుందం. నోటిఫికేషన్‌ల ఏ సర్టిఫికెట్ అడిగిన్రో చదివి, మన కులం ఏ గ్రూపుల ఉన్నదో తెలుసుకొని పోవాలె.

మా ఎరుకల ఒక పిల్లకు పీజీ సీటు వచ్చింది. డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీవాళ్ళు, సర్కారు నుంచి ఫీజు రాలేదు, నువ్వు కడితేనే టీసీ అన్నరు. తల్లి పుస్తె కుదువపెట్టి విడిపించుకున్నది. సర్కారు బాకీకి కూలితల్లి మెడల పుస్తె జామీను! ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఒక్క పిల్ల పోయి అడిగితే వినరు. పదిమందిమి పోయి లిఖితంగ అడగాలె, దస్తకత్ తీసుకోవాలె, వినకపోతే కలెక్టరేట్ల ప్రజావాణికి పోవాలె. ఇది కార్యకర్తల పని, పిల్లల మీదికి నూకొద్దు.

పరీక్ష సంగతి. 2019 నుంచి రాష్ట్రంల ఉస్మానియా, కాకతీయ, శాతవాహన వంటి యూనివర్సిటీలన్నిటికి కలిపి సీపీగెట్ అనే ఒకటే పరీక్ష పెడుతున్నరు. నూరు ప్రశ్నలు, తొంబై నిమిషాలు, కంప్యూటర్ మీద. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కనుక ఒక్కటి సుత విడువద్దు. మౌసు పట్టని పిల్లలు వారం రోజులు ఏ నెట్ సెంటర్‌లనో, బడి కంప్యూటర్ మీదనో అలవాటు చేసుకోవాలె. చదివిన పాఠం వచ్చి గూడ, చెయ్యి ఆడక మార్కులు పోతే ఏడ్వాలె.

సీటు పెట్టుకునేటప్పుడు రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా చూడండి. ఫీజుల తేడా ఉంటది. స్కాలర్‌షిప్ ఎంత భరిస్తది, హాస్టల్ ఇస్తరా లేదా అనేది చేరకముందే అడగాలె. కరీంనగర్ల 2008లో పెట్టిన శాతవాహన ఉన్నది, గోదావరిఖనిల పీజీ కాలేజీ ఉన్నది. ఇంటికాడినుంచి పోయిరావచ్చు, ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి బస్సు కిరాయి గూడ లేదు. కాని ఎక్కడ సీటొచ్చినా వీలైతే హాస్టల్‌ల ఉండుడే మంచిదని మా మాట. పొద్దుగాల బస్సు, మాపటికి బస్సు, ఇంటికొస్తే బర్రెకు గడ్డి. లైబ్రరీల కూసునేది ఎప్పుడు? పీజీ అంటే లైబ్రరీనే. హాజరు తక్కువైతే స్కాలర్‌షిప్ గూడ పోతది.

పైసలు అసలు చిక్కు. స్కాలర్‌షిప్ ఎన్నడో వస్తది, మెస్సు బిల్లు నెలనెలా వస్తది. మొదటి నాలుగు నెలల ఖర్చు చేతిల ఉంటేనే పిల్ల నిలబడుతది. సంఘం దగ్గర ఇంటికి ఇంత అని జమచేసి, చేబదులుగ ఇద్దాం. పండుగకు డీజే పెట్టే పైసలల్ల సగం చాలు. నౌకరి చేస్తున్న మా బడిపంతుళ్ళం ముందుగాల ఎక్కువ వేస్తం.

అక్కడికి పోయినంక కొన్నిచోట్ల ర్యాంకు అడుగుతరు, ఇంటిపేరు అడుగుతరు. అడిగేది ఎందుకో మనకు తెలుసు. ఇంగ్లీషు రాదని వెనుక బెంచీల కూసోవద్దు, మొదటి నెలల ఎవ్వరికీ అంతా రాదు. ఎస్సీ, ఎస్టీ సెల్ ఎక్కడున్నదో, మన సీనియర్లు ఏ హాస్టల్‌ల ఉన్నరో మొదటి వారమే తెలుసుకోవాలె. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేములకు ఫెలోషిప్ పైసలు నెలల తరబడి ఆగినయి, హాస్టల్‌నుంచి వెలివేసిన్రు, 2016 జనవరి 17న ఆ బిడ్డ పోయిండు. అంత చదువుకున్న పిల్లలు గూడ ఇంటికి బాధ అవుతదని కష్టం చెప్పరు. అందుకే ప్రతి ఆదివారం ఇంటినుంచి ఒక ఫోన్, సంఘం నుంచి ఒక ఫోన్ పోవాలె. "మార్కులెన్ని" అని కాదు, "తిన్నవా, పైసలొచ్చినయా, ఎవడన్న ఏమన్న అన్నడా" అని అడగాలె.

వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడనే కూసుంటం. ఎవరికి ఏ కాయిదం తక్కువున్నదో నోటుబుక్కుల రాసుకొని, సోమవారం మీసేవకు, తహశీల్దార్ ఆఫీసుకు కలిసే పోతం. పిల్లలు మెమోలు, అవ్వలు ఆధార్, రేషన్ కార్డు తీసుకొని రండి. జై భీమ్.