వరమాల ఎవరి చేతిలో?

ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద అని అడిగాను. "నీ ఇష్టం, సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం వద్దు" అన్నారు. అందుకని వృత్తి పక్కన పెట్టి, కాలేజీ రోజుల నుంచీ ఇష్టంగా చదువుకుంటున్న జీవపరిణామం గురించి చెబుతాను. నేను జీవశాస్త్రవేత్తను కాను, ఐటీ కన్సల్టెంటుని. ఈ సిద్ధాంతం మన రోజువారీ మాటల్లోకి ఎలా వచ్చిందో, వచ్చాక ఏమైందో చెప్పడమే నా ఉద్దేశం.

మన ఇళ్ళల్లో, పార్టీల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది. స్పెల్లింగ్ బీ పోటీలు అయిన మర్నాడు అది ఇంకా గట్టిగా వినపడుతుంది. 2019లో ఎనిమిదిమంది పిల్లలు కలిసి విజేతలైతే వాళ్ళలో ఏడుగురు భారతీయ సంతతి వాళ్ళే. "చూశారా, మనవాళ్ళ బుర్రలే వేరు, అంతా జీన్స్‌లో ఉందండీ" అంటారొకరు. "మరి సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్ అని డార్విన్ ఊరికే అన్నాడా" అంటారింకొకరు.

నిజానికి ఆ మాట డార్విన్ పుట్టించింది కాదు. ఆయన పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' 1859లో వచ్చింది. ఈ మాటని 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్త్వవేత్త వాడాడు. డార్విన్ దాన్ని తన పుస్తకంలోకి తీసుకున్నది 1869లో, ఐదో కూర్పులో. ఎందుకు తీసుకున్నాడన్నది ఆసక్తికరమైన సంగతి. డార్విన్‌తో పాటే ఇదే సిద్ధాంతాన్ని విడిగా కనిపెట్టిన వాలెస్ 1866లో ఆయనకి ఒక ఉత్తరం రాశాడు. 'నేచురల్ సెలెక్షన్' అంటే ఎవరో కూర్చుని ఎంచుతున్నారని జనం పొరబడుతున్నారు, స్పెన్సర్ మాట వాడితే మేలు అని దాని సారాంశం.

వాలెస్ భయం మన భాషకి ఇంకా బాగా వర్తిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో నేచురల్ సెలెక్షన్‌ని మనం 'ప్రకృతి వరణం' అన్నాం. వరణం అనగానే మనకి గుర్తొచ్చేది స్వయంవరం. రాజకుమారి వరమాల పట్టుకుని వరసగా నడుస్తుంది, అందరిలోకీ గొప్పవాడి మెడలో వేస్తుంది. ప్రకృతి దగ్గర ఆ మాలా లేదు, ఆ రాజకుమారీ లేదు. పుట్టిన పిల్లల్లో తేడాలుంటాయి, ఆ తేడాల్లో కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి. ఉన్నచోట ఏ తేడా బతకడానికీ పిల్లల్ని కనడానికీ కాస్త పనికొస్తే అది తరవాతి తరంలో కాస్త ఎక్కువమందిలో కనపడుతుంది. అంతే. ఇక 'ఫిట్' అంటే బలవంతుడనో, తెలివైనవాడనో కాదు. చొక్కా ఫిట్ అయింది అంటామే, ఆ అర్థం దీనికి దగ్గర. ఒంటికి సరిపోయింది, అంతకుమించి చొక్కా గొప్పదనం ఏమీ లేదు.

దీనికి సికిల్ సెల్ జన్యువు మంచి ఉదాహరణ. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే తీవ్రమైన రక్తవ్యాధి. ఒక్కటే వస్తే మలేరియా నుంచి చాలావరకు రక్షణ. మలేరియా ఉన్నచోట ఆ జన్యువు వేల ఏళ్ళుగా నిలిచిపోయింది. మలేరియా లేని చోట అదే జన్యువు ఉత్త భారం. మలేరియాకీ రక్తవ్యాధులకీ ఇలాంటి సంబంధం ఉండొచ్చని 1949లో ఊహించినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఆ తరవాత 1954లో ఆంథొనీ ఆలిసన్ సికిల్ సెల్ విషయంలో దాన్ని చూపించాడు. ఈ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి ఇండియా వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం ఇమ్మని రాసిపెట్టాడు. అది చేరింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకే.

సరే, ప్రకృతి చేతిలో మాల లేదు. మనిషి చేతిలో మాత్రం ఉంది. డార్విన్ తన పుస్తకాన్ని పావురాలు పెంచేవాళ్ళతోనే మొదలుపెట్టాడు. మనకైతే ఒంగోలు పశువులు చాలు. మన రైతులు తరాల తరబడి వాటిని బరువు లాగే శక్తి కోసం, పాల కోసం ఎంచుకుంటూ వచ్చారు. అవే పశువులు పందొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. అక్కడ వాటి పేరు 'నెలోర్', మన నెల్లూరే. బ్రెజిల్ వాళ్ళు వాటిని మాంసం కోసం ఎంచారు. మూలం ఒకటే, ఎంచిన చేతులు వేరు, ఎంచిన అవసరం వేరు. ఏది మేలుజాతి అని అడిగితే, దేనికి అని ఎదురు ప్రశ్న వెయ్యాలి.

చిక్కంతా ఈ రెండు రకాల ఎంపికనీ కలిపేసి మనుషుల మీద ప్రయోగించినప్పుడు వచ్చింది. డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో 'యూజెనిక్స్' అనే మాట పుట్టించాడు. మేలైన మనుషులు ఎక్కువగా, నాసివాళ్ళు తక్కువగా పుట్టేలా చూడాలన్నది ఆయన ఆలోచన. ఇండియానా రాష్ట్రం 1907లోనే బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే చట్టం తెచ్చింది. 1927లో వర్జీనియాకి చెందిన క్యారీ బక్ అనే యువతి కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఆమెకీ, ఆమె తల్లికీ, ఆమె పసిపాపకీ కూడా మందబుద్ధి అని ముద్ర వేశారు. ఆమెకి ఆపరేషన్ చెయ్యొచ్చని కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా తీర్పిచ్చింది. ఆ పసిపాప తరవాత బళ్ళో మంచి మార్కులు తెచ్చుకుని ఆనర్ రోల్‌లో నిలిచింది, ఎనిమిదేళ్ళకే చనిపోయింది. ఈ దేశంలో ఇలాంటి చట్టాల కింద 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి.

ఇదే ఆలోచన మనదాకా కూడా వచ్చింది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ 1913లో అమెరికా వచ్చి, మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి సైన్యంలో చేరాడు. అప్పట్లో పౌరసత్వం తెల్లవాళ్ళకీ, ఆఫ్రికన్ మూలాల వాళ్ళకీ మాత్రమే. థింద్ తరఫు వాదన ఏమిటో తెలుసా? తాను ఆర్యసంతతివాడినని, అగ్రకులస్థుడినని, కులం కట్టుబాట్ల వల్ల రక్తం కలుషితం కాలేదని. 1923లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అంది. అప్పటికే పౌరులైన భారతీయుల్లో పలువురి పౌరసత్వం వెనక్కి లాక్కున్నారు. మరుసటి ఏడే 1924 ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది. ఆ చట్టం తెచ్చిన కాంగ్రెస్ సంఘానికి యూజెనిక్స్ నిపుణుడిగా సలహాలిచ్చినవాడు హ్యారీ లాఫ్లిన్. థింద్‌కి చివరికి 1936లో పౌరసత్వం దక్కింది, అదీ మాజీ సైనికుడిగా.

మన రక్తం మేలైనది అన్న వాదనతో తలుపు తట్టిన మొదటి తరానికి, అదే రకం వాదనతో తలుపు మూశారు. ఇది మనం మర్చిపోకూడదు.

తలుపు తెరిచింది ఏ జన్యువూ కాదు, 1965 ఇమిగ్రేషన్ చట్టం. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు తీసేసి, చదువుకీ నైపుణ్యానికీ కుటుంబ బంధాలకీ చోటిచ్చింది. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది. 'ది అదర్ వన్ పర్సెంట్' అని 2016లో ఒక పుస్తకం వచ్చింది. ఇక్కడి భారతీయులు మూడుసార్లు ఎంపికై వచ్చినవాళ్ళని అందులో వివరించారు. ముందు కులమూ ఆస్తీ చదువు దాకా చేరనిచ్చాయి. తరవాత పరీక్షలు, మన భాషలో ఎంసెట్లూ ర్యాంకులూ. చివరికి అమెరికా వీసా. మూడు జల్లెడల్లోంచి దిగినవాళ్ళ పిల్లలు చదువులో ముందుంటే ఆశ్చర్యమేముంది? వాళ్ళ ఇళ్ళల్లో పుస్తకాలున్నాయి, చదివించే అమ్మానాన్నలున్నారు, కోచింగుకి డబ్బుంది. పిల్లల కష్టాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. జల్లెడ పనిని రక్తానికి కట్టబెట్టకూడదంటున్నాను.

పైగా అందులో అదృష్టం పాలు కూడా ఉంది. 2007 ఏప్రిల్లో హెచ్-1బి దరఖాస్తులు ఒకటి రెండు రోజుల్లోనే కోటా దాటిపోతే కంప్యూటర్‌తో లాటరీ తీశారు. తరవాత చాలా ఏళ్ళు అదే పద్ధతి నడిచింది. నా పేరు వచ్చిన ఏడాది నా రూమ్మేట్ పేరు రాలేదు. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకే డిగ్రీ, కోడ్ నాకంటే వాడే బాగా రాసేవాడు. వాడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు, నేను ఈ రేడియోలో మాట్లాడుతున్నాను. ఇలా గుణంతో నిమిత్తం లేకుండా కొన్ని నిలిచి కొన్ని పోవడాన్ని జీవశాస్త్రంలో 'జెనెటిక్ డ్రిఫ్ట్' అంటారు. పరిణామంలో దానికి పెద్ద పాత్రే ఉంది.

ఇక మూలాల సంగతి. 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, ఇక్కడి హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ రైక్ కలిసి 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. భారతదేశంలో దాదాపు అన్ని కులాలవాళ్ళూ ప్రాచీన జనసమూహాల కలయికే అని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ క్రితం వరకు జరిగిందని 2013 నాటి పరిశోధన చెప్పింది. అంటే థింద్ చెప్పుకున్న కలవని రక్తం ఎవరి దగ్గరా లేదు. ఆ తరవాతే తలుపులు మూసుకున్నాం.

మూసుకున్నందుకు ఏం మిగిలింది? 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు అతి కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగినవని తేలింది. అలాంటి చోట అరుదైన జబ్బుల జన్యువులు అరుదుగా ఉండవు. మన తెలుగు వైశ్యుల్లో కొందరికి మత్తుమందుల సమయంలో కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు పడదు. మిగతావాళ్ళలో నిమిషాల్లో తగ్గే ప్రభావం వాళ్ళలో గంటలు ఉండిపోతుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే ఆపరేషన్‌కి ముందు డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఇది ఒక్క కులం సంగతి కాదు, ఒక ఉదాహరణ మాత్రమే. మేము మేనరికాలు మానేశాం కదా అనొచ్చు. తలుపులు మూసుకున్న గుంపులో మేనరికం కాని సంబంధం కూడా దూరపు చుట్టరికమే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలు మన మాటలు వింటున్నారు. జీన్స్ వల్ల గెలిచాం అని విన్న పిల్లకి ఒకసారి సి గ్రేడు వస్తే తనలోనే ఏదో లోపముందనుకుంటుంది. పక్క బెంచీలో వెనకబడ్డ నల్లపిల్లాణ్ణో, మెక్సికన్ పిల్లాణ్ణో చూసి వాడి జీన్స్ అంతే అనుకుంటుంది. క్యారీ బక్ గురించి ఆ కోర్టు అనుకున్నదీ సరిగ్గా అదే.

కాబట్టి ఈసారి ఎవరైనా మనం ఎంపికైన జాతి అంటే, కాఫీ తాగుతూనే, నవ్వుతూనే, ఒక్క ప్రశ్న అడగండి: ఆ వరమాల ఎవరి చేతిలో ఉందండీ? ఇమిగ్రేషన్ ఆఫీసు చేతిలోనా, పెళ్ళిళ్ళ పేరయ్య చేతిలోనా? ప్రకృతి చేతిలో మాత్రం లేదు.

మీకు వేరే అభిప్రాయం ఉంటే తప్పకుండా రాయండి.