చిత్రకళాశాలలోని బహిరంగోపన్యాసములు - మన కుటుంబములు
(చెన్నపట్టణమున సంఘసభలో చేసిన ప్రసంగ పాఠము)



చిత్రకళాశాలలయందు అప్పుడప్పుడు పరస్థలములనుండి చిత్రకారులను, శిల్పులను, విమర్శకులను రప్పించి సమకాలీన కళను గూర్చి ఉపన్యాసములిప్పించు ఆచారము కలదు. వానిలో కొన్నింటికి విద్యార్థులే గాక పురజనులును పోవచ్చును. ఐనను ఆ సభలలో మన తెలుగు కుటుంబములవారు కనబడుట అరుదు. "అవి చదువుకొను పిల్లలకు గదా!" అని కొందరందురు. "ఆ బొమ్మలు మాకర్థము కావు" అని మరికొందరందురు. ఈ రెండు మాటలను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

రవీంద్రనాథ ఠాకూరుగారు శాంతినికేతనమున 1919లో కళాభవనమును నెలకొల్పిరి. కొలది యేండ్లకే, వియన్నా విశ్వవిద్యాలయమున కళాచరిత్ర చదివి పట్టము పొందిన స్టెల్లా క్రామ్రిష్ అను యువతిని ఆహ్వానించిరి. ఆమె ఐరోపా కళను గూర్చి, గోథిక్ కాలము మొదలుకొని ఆనాటికి సరిక్రొత్తదైన డాడా ఉద్యమము వరకు, అచ్చట వరుసగా ఉపన్యసించెను. 1922 డిసెంబరులో కలకత్తాలో ప్రాచ్యకళాసంఘమువారి ప్రదర్శనమున జర్మనీలోని బౌహౌస్ పాఠశాలకు చెందిన పాల్ క్లే, కాండిన్‌స్కీ మున్నగువారి చిత్రములు పురజనుల యెదుటికి వచ్చినవి. చూచినవారందరును ఆ మార్గమును పట్టలేదు. నందలాల్ బోసుగారు తమ త్రోవనే నడచిరి. వినుట వేరు, ఒప్పుకొనుట వేరు. వినకయే కాదనుటకంటె విని కాదనుటయే మర్యాద యని మా తలంపు.

భాషను గూర్చిన మాట ఇంతకంటె ముఖ్యము. కలకత్తా విశ్వవిద్యాలయమున రాణీ బాగేశ్వరీ ఆచార్యపీఠమును 1921లో అవనీంద్రనాథ ఠాకూరుగారు అలంకరించి, 1929 వరకు కళను గూర్చి ఉపన్యాసములిచ్చిరి. పెద్ద చదువులన్నియు ఇంగ్లీషున సాగుచున్న ఆ కాలమున వారు వంగభాషలో పలికిరి. అవి 1941లో గ్రంథముగా వెలువడినవి. చిత్రమును గూర్చి ఇంటిమాటలలో వాదించుకొను అలవాటు వంగదేశమున నిలిచినదన్న, అట్టి ఉపన్యాసములు దానికొక కారణమని మేమనుకొందుము.

మన చెన్నపట్టణపు చిత్రకళాశాలను 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు ప్రారంభించెను. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారు దానికి తొలి భారతీయాధిపతులైరి. మెరీనా తీరమున బండను కదల్చుచున్న నలుగురు శ్రామికుల విగ్రహము వారి చేతిపనియే. వారి తరువాత 1957లో కె.సి.ఎస్. పణిక్కర్ గారు ఆ స్థానమునకు వచ్చిరి. గోదావరి సీమలో పుట్టిన రెడ్డప్పనాయుడుగారును, గుడివాడలో పుట్టి పిదప లండనులోని స్లేడ్ పాఠశాలకు వెళ్లిన ఎస్.వి. రామారావుగారును ఈ కళాశాలలోనే చదివిరి. ఆ ప్రాంగణము మనకు పరాయిది కాదు.

ఇక బొమ్మ లర్థము కావను మాట. పణిక్కర్ గారు 1963 ప్రాంతమునుండి 'మాటలు, చిహ్నములు' అను వరుసలో చిత్రములు వ్రాసిరి. పటమునిండ అక్షరములవంటి గీతలు, గళ్లు, చక్రములు, అంకెలవంటి గుర్తులు. చదువబోయినచో అర్థము చిక్కదు! మొదటిసారి చూచినవారు "ఇదేమి భాష?" అని అడుగకమానరు. ఉపన్యాసకుడు ఆ పటమును తెరపై చూపి, జాతకచక్రమును దాని ప్రక్కన నుంచి, రెంటి గళ్లకును గల పోలికను వివరించెననుకొనుడు. ఆ సభలో అందరికంటె ముందు తల యూపువారెవరు? ఇంట జాతకములు భద్రపరచి, పంచాంగము తిరుగవేయు మన పెద్దమ్మలే. అట్టివారు ఇంటనే కూర్చుండి, బొమ్మలర్థము కావని నిట్టూర్చుట మాకు వింతగా తోచును.

ఆ పటముల యెదుట ఏ భాషవాడైనను చదువలేక తడబడును. మన పిల్లలకు మాత్రము ఆ యనుభవము క్రొత్తది కాదు. తాతగారి భాగవతము అటకమీద నున్నది. మనుమడు తెలుగు మాటలాడును, ఆ పుట విప్పినచో ఒక్క అక్షరమును చదువలేడు. గుండ్రని అక్షరముల వరుస వానికి చదువరాని ముగ్గువలె కనబడును. ఈ బాధ మన యిండ్లలో ఎందరికున్నదో చెప్పనక్కరలేదు.

అట్టి పిల్లవాడు ఉపన్యాసము విని యింటికి వచ్చును. "ఏమి చెప్పిరిరా?" అని నాయనమ్మ యడుగును. వానికి విషయము తెలియును, మాటలు లేవు. ఇంగ్లీషున రెండు ముక్కలు, తమిళమున నాలుగు ముక్కలు పలికి లోపలికి పోవును. ఈ విధముగా తెలుగు వంటయింటికిని, పూజగదికిని, పెండ్లిపిలుపులకును పరిమితమగుచున్నది. గీత, పూత, అద్దకము, పోత, చెక్కడము అను మాటలు మన చేతిపనులవారివద్ద ఏనాటినుండియో కలవు. లేనిచోట అరువు తెచ్చుకొందము. ఇన్‌స్టలేషన్ అను మాటకు సంస్కృత సమాసము కట్టుచు కూర్చుండనక్కరలేదు. ఆ మాటనే యుంచి, గదినంతటిని ఒక కళాఖండముగా అమర్చుటయని నాయనమ్మకు చెప్పగలిగిన చాలును.

చిత్రకళ కడుపు నింపునా యను తండ్రుల ప్రశ్నకు ఒక్క ఉపన్యాసము సమాధానము చెప్పజాలదు. కాని ఆ వృత్తిలో జీవితము గడపినవారు ఎదుట నున్నప్పుడు ఆ ప్రశ్ననే లేచి యడుగవచ్చును. ఏవి అమ్ముడుపోవును, ఎవరు కొందురు, బోధనోద్యోగము లేకున్న ఎట్లు గడచును అని యడుగుట అమర్యాద కాదు. కుమారుడు లేక కుమార్తె ఆ చదువునకు పోదుననినప్పుడు, ఇంట కోపతాపములు పుట్టుటకు ముందే ఆ సమాధానమును వినుట మేలు.

మా సూచన చిన్నది. ఉపన్యాస ప్రకటన కంటబడినప్పుడు విద్యార్థులు సంఘకార్యాలయమునకు తెలుపవలెను. ఐదారుగురము కలిసి పోదము. (సభాభవనములలో కుర్చీలు గట్టివి, నడుమునొప్పి గలవారు చిన్న దిండు తెచ్చుకొనుట మంచిది.) ఒకరు ముఖ్యాంశములు వ్రాసికొనవలెను. మరుసటి ఆదివారము సాయంకాలము మన మందిరమున చిత్రముల ప్రతులు ముందుంచుకొని, అరగంటసేపు, విన్నదానిని తెలుగున చెప్పుకొందము. నచ్చనిదానిని నచ్చలేదనుటకు ఎవరును సంకోచింపవలదు. లిపి రాని పిల్లలును రావచ్చును. అచ్చట చదువవలసినదేమియు నుండదు.

బెంగుళూరు, బరంపురము, షోలాపురము, యానాములందలి సోదరులు తమ యూళ్లలో జరుగు ఇట్టి ఉపన్యాసములను ముందుగా తెలిపినచో పత్రికలో ప్రకటింతుము. చెన్నపట్టణమున రాదలచినవారు ఈ సభ ముగియగానే కార్యదర్శిగారివద్ద పేరులు వ్రాయించుకొనవలెనని కోరుచున్నాము.