మన హాకీ క్రీడాకారులలో మేటి యెవరు?

మా వెంకటాచలములో ఈ తగవు ఒక పట్టాన తెగదు. హైదరాబాదు ముకేశ్ కుమార్ అనియే పలువురి మాట. 1992లో బార్సిలోనా, 1996లో అట్లాంటా, 2000లో సిడ్నీ: మూడు ఒలింపిక్సులలో భారతదేశము పక్షమున ఆడెను. 1998లో బాంకాకున ఆసియా స్వర్ణము గెలిచిన జట్టులోను ఉండెను.

"2014లో రాష్ట్రము విడిపోయినది గదా, హైదరాబాదు మనదెట్లగును?" అని కొందరు పొరుగున నున్న చిత్తూరు సీమ ఆడపడుచు ఎతిమరపు రజనిని ముందుకు తెత్తురు. ఆమె గోల్ కీపరు. 2016 రియో జట్టు పదునారుగురిలో గోల్ కీపరు ఒక్కరే. ఆ చోటు సవితకు దక్కెను. రజని స్టాండ్‌బైగా నిలిచెను. కొట్టిన గోలు అందరికిని కనబడును. పిలుపు వచ్చునో రాదో తెలియక సాధన మానకుండుట ఏ పట్టికకును ఎక్కదు.

అయినను మా ఓటు ముకేశ్‌కే. ఆయన ఆడిన నాడు రాష్ట్రమొక్కటే.